సంచికి మూడు కిలోలు

ఇంజన్ బరువు తొంభై రెండు కిలోలని చీటీ మీద రాసి ఉంది. ఆ చీటీని ఇప్పటికీ నా నోటుబుక్కు పదిహేడో పేజీకి గుండుసూదితో గుచ్చి ఉంచాను. నీలం సిరా, కాస్త కుడివైపు వాలిన అంకెలు. ఆ తొంభై రెండును నమ్మి ఇరవై రెండు రోజులు పోగొట్టుకున్నాను. నావి పోతే పోయాయి. తమ్ముడివి కూడా పోయాయి.

నాకిప్పుడు డెబ్బై మూడేళ్లు. నిజామాబాదులో ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. తమ్ముడు నాకన్నా ఏడేళ్లు చిన్న. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు అందులో ఫిట్టరుగా చేశాడు, అది మూతపడ్డాక ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఆరేళ్ల కింద, ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఒక జైరోప్లేన్ కట్టడం మొదలుపెట్టాడు.

అదేమిటో తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. మూడు చక్రాలు, ఒక సీటు, సీటు వెనక ఇంజన్, ఇంజన్‌కు వెనకనుంచి తోసే పంకా. నడుమ ఒక నిలువు స్తంభం, దాని తలమీద రెండు పొడవాటి రేకులు. ఆ రేకులను ఇంజన్ తిప్పదు. మొదట చేత్తో తిప్పి వదిలితే, బండి ముందుకు పరిగెత్తేకొద్దీ ఎదురుగాలికి అవే తిరుగుతాయి, అవే పైకి లేపుతాయి. తమ్ముడు దాన్ని 'బండి' అనే అంటాడు. నేనూ అదే అంటాను.

ఆకాశంలోకి పోవాలంటే పైనుంచి అనుమతులు కావాలి. ఆ దరఖాస్తుల సంగతికి నా దగ్గర వేరే నోటుబుక్కు ఉంది. ఈ చేనులో తమ్ముడు కోరుకున్నది చాలా చిన్నది. చక్రాలు నేల విడవాలి. మోకాలెత్తున, చేను పొడవునా తిన్నగా పోయి, అవతలి కొసన దిగాలి. ఆరేళ్లలో అది ఒక్కసారీ జరగలేదు.

మొదట పెట్టింది చిన్న కారు ఇంజన్, మూడు సిలిండర్లది. తమ్ముణ్ని మోస్తూ అది చేనంతా పరిగెత్తేది కానీ లేచేది కాదు. రెండేళ్ల కింద ఒకరోజు విసుగెత్తి, బండిని నడిపే కర్రను బలంగా వెనక్కి లాగాడు. ముందు చక్రం లేచింది, బండి పక్కకు ఒరిగింది, రేకు నేలకు కొట్టింది. తమ్ముడికి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద, మరదలి ఎదుట, నాకు మాటిచ్చాడు. బరువుల కాగితం మీద నేను సంతకం పెట్టకుండా ఇక చక్రాలు లేపనన్నాడు. ఆ కాగితంలో మూడు గళ్లు ఉంటాయి: బరువు, కోణం, నేల. మూడూ సరైతేనే సంతకం.

చేను మాది కాదు. కాలువ కింద భూమి ఉన్న ఒక రైతుది. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. ఈయన పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంకా అక్కడిదే. పాత చెరకు మోళ్లు దున్ని తీసేసి, చదును చేసి, కొత్త చెరకు నాటేదాకా ఖాళీగా ఉంచిన చేను అది. పొడవు మూడు వందల పది మీటర్లు. టేపు పట్టుకుని నేనే కొలిచాను. చెరకు ఒకసారి నాటితే ఆ పంట, దాని మోళ్లనుంచి వచ్చే పంటలు ఇంకో రెండు, మొత్తం మూడేళ్లు అందులో కాలు పెట్టే సందుండదు. చుట్టుపక్కల తక్కినవన్నీ గట్లుగట్లుగా ఉన్న వరిమళ్లే.

"కాలవకి నీళ్లొచ్చేదాకా చేను మీదేనండి టీచరుగారూ. వచ్చాక మాత్రం నేనాగలేను," అన్నాడాయన.

అంటే తమ్ముడికున్న గడువు కాలువ నీళ్లు. అవి వస్తే మళ్లీ మూడేళ్లు. అప్పటికి అతనికి అరవై తొమ్మిది.

కార్తీక పౌర్ణమి దాటిన వారం, పెద్ద ఇంజన్ దొరికింది. వెనకనుంచి లారీ గుద్దిన ఒక కారుది. నాలుగు సిలిండర్లు, మొదటి ఇంజన్‌కు రెట్టింపు బలం. నిజామాబాదులో పాత ఇనుము అంగడినుంచి దాన్ని ట్రాలీ ఆటోలో తీసుకుపోతూ తమ్ముడు మా ఇంటి ముందు ఆపి చూపించాడు. కొత్త కోడలిని చూపించినట్టే చూపించాడు. నేను ఒకటే అడిగాను, బరువెంత అని. అంగడివాడు క్వింటాలు లోపలే అన్నాడట. లోపల అంటే ఎంత లోపల అన్నాను. తమ్ముడు ఆటో ఎక్కాడు.

అప్పుడు వడ్ల కాలం. తమ్ముడి ఊరి చివర రోడ్డు పక్కన కొనుగోలు కేంద్రం పెట్టారు, అక్కడ మంచి ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. మంగళవారం మధ్యాహ్నం, వడ్ల రద్దీ తగ్గాక, తమ్ముడు ఇంజన్‌కు సంబంధించిన సామానంతా అక్కడికి తీసుకుపోయి తూకం వేయించాడు. ఆ రోజు నేను లేను. పళ్ల డాక్టరు దగ్గర ఉన్నాను. నేను లేకపోవడం తప్పని ఇప్పుడు తెలుసు కాబట్టి ముందే రాసేస్తున్నాను.

ఆరు చీటీలు తెచ్చాడు. ఇంజన్ తొంభై రెండు. వేగం తగ్గించి పంకాకు అందించే బెల్టు చక్రాలు ఇరవై ఒకటి. ఇంజన్‌ను పట్టి ఉంచే ఫ్రేము పద్నాలుగు. బ్యాటరీ పదకొండు. రేడియేటరు తొమ్మిది. పొగగొట్టం ఏడు. కలిపితే నూట యాభై నాలుగు. బండిలో తక్కినదాన్నంతా అంతకుముందే మా ఇంటి తూకపు మిషన్ మీద ముక్కముక్కగా తూచి రాసుకున్నాను: చట్రం, సీటు, చక్రాలు తొంభై ఆరు, పైరేకులు ఇరవై ఎనిమిది. తమ్ముడు డెబ్బై ఒకటి. నిండు ట్యాంకు పెట్రోలు పదిహేను. అన్నీ కలిసి మూడు వందల అరవై నాలుగు. పైరేకులు మోయగలిగేది మూడు వందల డెబ్బై. ఆరు కిలోలు మిగులు.

బరువు గడిలో సరి అని రాశాను.

తర్వాత కోణం. ఇంజన్ సీటుకు వెనక ఉంటుంది కాబట్టి, అది బరువైతే బండి తోక కిందికి లాగుతుంది. ఎంత లాగుతుందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బండిని స్తంభం తలమీది బోల్టు పట్టి చైన్ పుల్లీతో షెడ్డు దూలానికి వేలాడదీయాలి. తమ్ముడు సీట్లో కదలకుండా కూర్చోవాలి. అప్పుడు ముక్కు ఎంత కిందికి వంగిందో కొలవాలి. మా బండికి పది డిగ్రీలకు తగ్గకూడదు. చీటీల ప్రకారం, ఒక్కొక్క వస్తువు స్తంభానికి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో వేసి లెక్క తీస్తే పదకొండు రావాలి.

తొమ్మిది వచ్చింది.

మళ్లీ వేలాడదీశాం. తొమ్మిది. కోణమానిని మార్చాను. తొమ్మిది. నిలువు చూసే తూకపు గుండు దేనికో తగిలి దారం పక్కకు పోతోందేమోనని కొత్త దారం కట్టాను. దూలం ఒక పక్కకు వాలిందేమోనని నీళ్ల గొట్టం పెట్టి చూశాను. దూలం తిన్నగా ఉంది. దూరాలన్నీ రెండోసారి కొలిచాను, మూడోసారి తమ్ముడి చేత కొలిపించి నేను రాసుకున్నాను. మిల్లీమీటరు తేడా లేదు.

వారానికి మూడుసార్లు నిజామాబాదు నుంచి బస్సులో పోవడం, సాయంత్రం నోటుబుక్కు వేసుకుని తిరిగి రావడం. ఆ రోజుల పేజీలు ఇప్పుడు చూస్తే నాకే సిగ్గు. తమ్ముణ్ని చెప్పులతో తూచాను, చెప్పుల్లేకుండా తూచాను. జేబులో తాళాల గుత్తి తీయించాను. అన్నానికి ముందు, అన్నం తర్వాత తూచాను. తేడా ఎనిమిది వందల గ్రాములు. మరదలు వంటింటి గడప మీద నిలబడి చూస్తూ ఉండేది.

"వదినె, ఆయనకు బువ్వ బంద్ జెయ్యమంటరా? జెప్పుండ్రి, నాకు పని తప్పుతది," అంది ఒకసారి.

తమ్ముడు మొదటి వారం నవ్వాడు. రెండో వారం నవ్వలేదు. ప్రతి ఉదయం కాలువ గట్టు మీదికి పోయి అడుగున మట్టి చూసి వచ్చేవాడు. మూడో వారం ఒకరోజు, దూలానికి వేలాడుతూనే, కిందికి దిగకుండా అడిగాడు.

"అక్కా, రెండు డిగ్రీలు. బ్యాటరీ జర ముందటికి జరిపితే పదకొండు గాదా? గాయింత దానికి ఇన్ని దినాలా?"

జరిపితే వస్తుంది. అది నాకూ తెలుసు. కానీ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా బ్యాటరీ జరిపి సరిచేస్తే, తప్పు బండిలోనే ఉంటుంది, నాకు మాత్రం కనిపించదు. బడిలో పిల్లలు జవాబు ముందు చూసుకుని మధ్య మెట్లు అల్లేవాళ్లు. వాళ్లకు నేను సున్నా వేసేదాన్ని.

"ఫ్యాక్టరీల గింత తేడా వస్తే టర్బైను ఆపుతుంటిరా, నడుపుతుంటిరా?" అని అడిగాను.

పుల్లీ గొలుసు కిర్రుమంటోంది.

"ఆపుతుంటిమి," అన్నాడు చివరికి, నావైపు చూడకుండా.

ఇరవై రెండో రోజు బుధవారం. బస్సు దిగి షెడ్డుకు పోకుండా నేరుగా కొనుగోలు కేంద్రానికి పోయాను. కాంటా నిజంగా సరిగా తూస్తుందో లేదో చూద్దామని. తెలిసిన బరువు ఒకటి చేతిలో ఉండాలి కదా, ఇంట్లోనుంచి పాత ఇనుప రాయి, ఐదు కిలోలది, సంచిలో వేసుకుని పోయాను. ఈ వయసులో ఐదు కిలోలు మోసుకుని బస్సెక్కితే కండక్టరు ఏముంది అవ్వా అని అడిగాడు. ఐదు కిలోలన్నాను.

కాంటా ముందు వడ్ల సంచుల వరస. నేను పక్కన బండరాయి మీద కూర్చుని నా వంతు కోసం చూస్తున్నాను. సంచి ఎక్కింది. కాంటా మీద ఎర్ర అంకెలు నలభై మూడు చూపించాయి. తూకం మనిషి గట్టిగా "నలభై" అన్నాడు, చీటీ మీద నలభై రాశాడు. ఇంకో సంచి. నలభై మూడు. "నలభై." ఆ సంచుల రైతు సన్నగా గొణిగాడు, మూడు కిలోలెందుకని. గోనె బరువొకటి, తేమకు, తాలుకు తరుగు రెండని తూకం మనిషి చెప్పాడు. వినీవినీ అలిసిపోయిన మాట, చెప్పీచెప్పీ అలిసిపోయిన మాట. రైతు వంగి తర్వాతి సంచి ఎత్తాడు.

నేను లేచి నిలబడ్డాను. నోటుబుక్కు తీసి పదిహేడో పేజీ చూపించి, ఈ ఆరు చీటీలు నువ్వే రాశావా అని అడిగాను. తానే రాశానన్నాడు.

"వీటికి గూడ తీసినవా?"

"అందరికి తీసినట్టే తీసిన, టీచరమ్మా. మీకేం ఎక్కువ తియ్యలే."

"ఇంజన్‌కు తేమెక్కడిది, బిడ్డా? తాలెక్కడిది?"

అతను ఆరు చీటీలనూ ఒకసారి చూశాడు. తర్వాత కాంటాను చూశాడు. అబద్ధమాడే మనిషి కాదు. పొద్దున్నుంచి రాత్రిదాకా వేల సంచులు తూచే మనిషి.

"కాంటా మీద ఏదెక్కినా ఒక సంచే," అన్నాడు. "చెయ్యి అట్ల అలవాటు పడ్డది, అవ్వా."

ఆరుసార్లు ఎక్కించారు. ఆరుమార్లు మూడు, పద్దెనిమిది. ఇంజన్ తొంభై రెండు కాదు, తొంభై ఐదు. ఏడు కిలోల పొగగొట్టం పది. నా ఐదు కిలోల రాయిని సంచిలోంచి తీయనే లేదు. పద్దెనిమిది కిలోలూ స్తంభానికి వెనకే ఉన్నాయి. అక్కడే బండరాయి మీద కూర్చుని లెక్క వేశాను. రెండు డిగ్రీలకు కొద్దిగా తక్కువ. సరిపోయింది.

తప్పు దొరికితే సంతోషించాలి. ఆ రోజు నాకు సంతోషం రాలేదు, ఒళ్లంతా మండింది. షెడ్డుకు పోయి తమ్ముణ్ని నిలదీశాను. చీటీ రాసేటప్పుడు పక్కనే ఉన్నావు కదా, కాంటా మీద ఎర్ర అంకె కనబడలేదా అని.

"కనబడ్డది," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "కాంటా అన్నంక తరుగు తియ్యకుంట ఎవడుంటడు అక్కా? నువ్వు కలుపుకుంటవనుకున్న. నీకు తెల్వదని నేనెట్ల అనుకుంట?"

నాకు తెలియకపోవడమేమిటి? మా అమ్మ నిజామాబాదులో బీడీలు చుట్టేది. వెయ్యి చుట్టి గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోతే, బాగున్నా బాగులేకున్నా కొన్ని బీడీలను పక్కకు పడేసి లెక్కలోంచి తీసేసేవాళ్లు. నాకప్పుడు పదేళ్లు. అమ్మ వెంట పోయి, పోయేముందు లెక్కపెట్టేదాన్ని, వచ్చాక పుస్తకంలో రాసింది చూసేదాన్ని, తేడా అమ్మకు చెప్పేదాన్ని. అమ్మ ఊరుకో అనేది. నేను ఊరుకోలేదు. నేను లెక్కల టీచరునైంది ఆ గంప దగ్గరే. అరవై ఏళ్ల తర్వాత అదే కోత నా నోటుబుక్కులో ఆరు చీటీలై కూర్చుంటే, నేను దారం మార్చాను, దూలం చూశాను, తమ్ముడి అన్నం తూచాను. తరుగు తీశావా అని ఒక్క మాట అడగలేదు. తమ్ముడు తెలుసనుకుని చెప్పలేదు, నేను ఇనుముకు ఉండదనుకుని అడగలేదు.

నిజమైన బరువు వేస్తే మొత్తం మూడు వందల ఎనభై రెండు. ఆరు కిలోలు మిగులు అనుకున్నది పన్నెండు కిలోలు ఎక్కువైంది. ఆ రోజే బ్యాటరీ జరిపి ఉంటే కోణం సరిపోయేది, ఈ పన్నెండు కిలోలు మాత్రం తెలియకుండా తమ్ముడి నెత్తిన ఉండేవి. పెట్రోలు నాలుగు లీటర్లకు తగ్గించాను, పన్నెండు కిలోలు దిగాయి. సరిగ్గా అంచు మీద ఉండడం నాకు నచ్చదు కాబట్టి సీటు మీది మెత్త కూడా తీసేయించాను. పెట్రోలు ట్యాంకు సీటు కింద, స్తంభానికి ఆనుకునే ఉంది కాబట్టి దానితో కోణం మారదు. బ్యాటరీని ఇంజన్ పక్కనుంచి తీసి తమ్ముడి కాళ్ల దగ్గర పెట్టాలి. దానికి పొడవాటి లావు తీగ కావాలి. బోధన్‌లో దొరకలేదు. గురువారం నిజామాబాదులో కొని, ఆ మధ్యాహ్నం బస్సుకే తీసుకుపోయాను. మెత్త లేని సీటు చూసి మరదలు, బండి లేవకముందే ఆయన లేస్తడు అంది.

ఆ బస్సు కిటికీలోంచే కాలువ చూశాను. ఎర్రటి నీళ్లు, ముందు చెత్తను తోసుకుంటూ, వంతెన కిందికి వస్తున్నాయి.

శుక్రవారం పొద్దున వేలాడదీశాం. ముందే కాగితం మీద పదకొండు అని రాసి మడిచి పెట్టాను. కోణమానిని పదకొండు చూపించింది. కాగితం విప్పి తమ్ముడికి చూపించాను. ఇరవై నాలుగు రోజుల్లో మొదటిసారి ఇద్దరం ఒకే అంకెను చూశాం. అదే మధ్యాహ్నం ట్రాక్టరు చప్పుడు వినబడింది. చేను అవతలి కొసనుంచి చెరకు నాటే బోదెలు వేయడం మొదలుపెట్టారు.

శనివారం తెల్లవారగానే బండిని చేనుకు తోసుకుపోయాం. రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఇబ్బంది ఉంది. కూలీలు, విత్తనపు ముక్కలు, నీళ్ల వంతు, అన్నీ ఆ రోజుకే కుదిరాయట. తొమ్మిది గంటలదాకా ట్రాక్టరు ఆపుతానన్నాడు. మొన్న వచ్చి ఉంటే చేనంతా ఉండేదండి అన్నాడు. మొన్న మేం ఏం చేస్తున్నామో ఆయనకు తెలియదు.

తమ్ముడు సీట్లో కూర్చుని బెల్టు కట్టుకున్నాడు. చేత్తో పైరేకులు తిప్పి వదిలాడు. ఇంజన్ వేశాడు. చిన్న ఇంజన్ చప్పుడు దడదడమని ఉండేది, ఇది గంభీరంగా, నిండుగా ఉంది. నేను టేపు పట్టుకుని నడిచాను. బోదెలు పడని నేల ఎక్కడ ఆగిపోయిందో అక్కడిదాకా కొలిచి, వెనక్కి వచ్చాను. పెద్ద ఇంజన్‌తో చక్రాలు లేవడానికి, లేచాక దిగి ఆగడానికి ఎంత నేల కావాలో ముందే లెక్క తీసి ఉంచాను.

తమ్ముడు ఇంజన్ చప్పుడు తగ్గించి నావైపు వంగాడు.

"ఎంతుందక్కా?"

"నూట నలభై ఎనిమిది."

"ఎంత గావాలె?"

అతనికీ తెలుసు. అయినా అడిగాడు.

"రెండు వందల యాభై."

బరువు గడి సరి. కోణం గడి సరి. నేల గడి దగ్గర పెన్ను పట్టుకుని నిలబడ్డాను. మరదలు గట్టు మీద, రైతు పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇంజన్ తిరుగుతోంది. తమ్ముడు ఎదురుగా ఉన్న నేలను చూస్తున్నాడు. ఆ నూట నలభై ఎనిమిది మీటర్లను, దాని చివర తడిసిన బోదెలను. ఒక్కసారి పోనిస్తే ఆపగలిగేవాళ్లం ఎవరమూ కాము. గడియారం చూసుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు అతను అలాగే చూస్తూ ఉన్నాడు. తర్వాత చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. పైరేకులు ఇంకా కొంతసేపు తిరిగాయి.

బండిని వెనక్కి తోసుకుపోయాం. ఇరవై రెండు రోజుల మాట అతను ఎత్తితే బాగుండునని నేను దారంతా అనుకున్నాను. ఎత్తలేదు. తొమ్మిదికి ట్రాక్టరు మొదలైంది.

ఇప్పుడు ఆ చెరకు నా నడుమెత్తు దాటింది. తూకం మనిషి ఎక్కడ కనబడినా నన్ను చూసి నమస్కారం పెడతాడు. ఆ ఆరు వస్తువులనూ మళ్లీ తూచి ఇచ్చాడు, కాంటా మీది అంకెను గట్టిగా చదివి మరీ. నూట డెబ్బై రెండు. ఆ చీటీలు పద్దెనిమిదో పేజీలో ఉన్నాయి. పదిహేడో పేజీవి తీసేయలేదు.

వేరే నేల కోసం నేనే తిరుగుతున్నాను. నవీపేట్ వైపు గోదావరి ఒడ్డున నాలుగు వందల మీటర్లుంది, కానీ ఇసుక, చక్రం దిగిపోతుంది. కొట్టేశాను. ఇంకోచోట పొడవు చాలు, నడుమ కాలిబాట, పిల్లలు బడికి పోతారు. కొట్టేశాను. పోయిన శనివారం చందూర్ దగ్గర ఒక బీడు చూశాను. గట్టినేల, వంపు లేదు, ఒక పక్కన కరెంటు తీగ ఉంది. తీగకూ నేలకూ మధ్య దూరం ఇంకా కొలవాలి. టేపు చుడుతుంటే ఫోను మోగింది. ప్రతి శనివారం ఈ వేళకే మోగుతుంది.

"ఎన్ని మీటర్లు?" అన్నాడు తమ్ముడు.

"రెండు వందల తొంభై."

"తరుగు తీసి చెప్తున్నవా అక్కా, తియ్యకుంటనా?"

తీయకుండానే అన్నాను. తీగ సంగతి కూడా చెప్పాను.